పెంగ్విన్ పాఠం

పదకొండో ఫ్రిజ్‌లో కూడా ఇన్సులిన్ గడ్డకట్టి ఉందని కబురు వచ్చేసరికి ఉదయం తొమ్మిదిన్నరయింది. పదిన్నరకి క్లయింట్‌తో కాల్. ఆ కాల్‌లో తప్పు చేసిన మనిషి పేరు చెప్పి తీరాలి. క్లయింట్‌కి వెళ్లే ఉత్తరంలో ఆ పేరు అప్పటికే టైప్ అయి ఉంది.

వసుమతి.

ఆ ఉత్తరం నకలు ఆమెకే పంపారు, 'మీ సమాచారం కోసం' అని పైన ఒక ముక్క రాసి. ఉరి తీయబోయే మనిషికి తాడు కొలతలు పంపినట్టు. పంపింది డైరెక్టర్ శ్యామ్‌సుందర్. 'మా క్వాలిటీ రివ్యూయర్ పొరపాటున ఒక అంకె మార్చారు. ఆమెను ఈరోజే ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాం.' అంతే. చదవడానికి అయిదు సెకన్లు పట్టదు.

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఆమె పనిచేసే కంపెనీ ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసి అమ్ముతుంది. నేర్చుకోవడానికి ఎవరూ కొనరు వాటిని. సిబ్బందికి నేర్పించామని కాగితం చూపించడానికి కొంటారు. కంపెనీకీ ఆ సంగతి తెలుసు, కొనేవాళ్లకీ తెలుసు. విడుదలకు ముందు వాటిని పరీక్షించడం వసుమతి పని. చెబుతానన్న పాఠం చెప్పిందా, పరీక్షలో అడిగింది పాఠంలో ఉందా, వినపడనివాళ్లకి తెర మీద అక్షరాలు వస్తున్నాయా, ఇలాంటి నలభై రెండు ప్రశ్నల పట్టిక ఒకటుంది. ఆఫీసులో ఆ పట్టికను కోర్సు చూసి నింపేది ఆమె ఒక్కతే. కోర్సులు తయారుచేసేవాళ్లూ తమ వంతు నింపాలి, కానీ వాళ్లు పట్టికను చూసి పట్టిక నింపుతారు. అందుకే ఆమె అంటే ఎవరికీ పడదు.

హెచ్-1బి వీసా మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతే అరవై రోజులు గడువు. ఆలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. దొరకదు. ముసలివాళ్లు ఉండే సిడార్ స్ట్రీట్ నర్సింగ్ హోమ్‌లో ఎనభై ఒక్కేళ్ల పెద్దాయన పనిచేయని ఇన్సులిన్ ఎక్కించుకుని ఐసీయూలో పడి ఉన్నాడు. ఆ ఫైలులో పేరు ఎక్కిన మనిషిని ఎవడు పిలుస్తాడు?

కోర్సు పేరు 'కీప్ ఇట్ కూల్'. నర్సింగ్ హోమ్ సిబ్బందికి మందులు ఫ్రిజ్‌లో ఎలా ఉంచాలో చెప్పే నలభై నిమిషాల పాఠం. నర్సు టోపీ పెట్టుకున్న పెంగ్విన్ ఒకటి ప్రతి స్లైడ్‌లోనూ గెంతుకుంటూ వచ్చి, రెక్కలు కొట్టి 'గ్రేట్ జాబ్!' అంటుంది. ముప్పై ఏళ్లు ముసలివాళ్లని ఎత్తి దించి నడుములు పోగొట్టుకున్న ఆడవాళ్లకి పక్షి చేత శెభాష్ అనిపిస్తే సంతోషిస్తారని ఈ కంపెనీ నమ్మకం.

ఇన్సులిన్ ఫ్రిజ్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలని పెంగ్విన్ చెప్పింది. సెల్సియస్‌లో అది నిజం. కానీ ఈ దేశంలో ఫ్రిజ్‌లో వేలాడే థర్మామీటర్ ఫారెన్‌హీట్ చూపిస్తుంది. దాని మీద ముప్పై ఆరు నుంచి నలభై ఆరు ఉండాలి. ముప్పై రెండుకే నీళ్లు గడ్డకడతాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు.

సోమవారం కోర్సు విడుదలైంది. పధ్నాలుగు నర్సింగ్ హోమ్‌ల సిబ్బంది అది పూర్తిచేసి, వెళ్లి ఫ్రిజ్ మీటలు చివరిదాకా తిప్పారు. రెండుచోట్ల ఎంత తిప్పినా ఎనిమిదికి దిగడం లేదని ఇన్సులిన్‌ని ఫ్రీజర్‌లోకే మార్చేశారు. వాళ్లేం తెలివితక్కువవాళ్లు కారు. చివరి పరీక్షలో అంకెలు టైప్ చేయాలి. నూట పన్నెండు మంది ముప్పై ఆరు, నలభై ఆరు అనే రాశారు. పెంగ్విన్ తల అడ్డంగా ఊపి వాళ్లని ఫెయిల్ చేసింది. రెండోసారీ అదే రాసి రెండోసారీ ఫెయిలయ్యారు. ఫెయిలైతే డ్యూటీలోకి రానివ్వరు. మూడోసారికి లొంగిపోయి తప్పు రాశారు. అప్పుడు పెంగ్విన్ తెరనిండా రంగుకాగితాలు చల్లింది.

ఒకావిడ ఊరుకోలేక 'మీ జవాబు తప్పు, మనుషులు చస్తారు' అని కంపెనీకి రాసింది. అర సెకనులో కంప్యూటర్ బదులిచ్చింది: 'మీ అభిప్రాయం మాకు అమూల్యం!'

*

కోర్సు తయారుచేసింది సృజన్. కరీంనగర్ నుంచి వచ్చి రెండేళ్లయింది. వసుమతి నేరుగా అతడి డెస్క్ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"అంకె నువ్వు మార్చావా?"

"ఏందక్కా, పొద్దుగాలనే మీద పడ్తున్నవ్! నేనెట్ల మారుస్త? నీ కామెంట్లు సూసి ఫైనల్‌గ సబ్మిట్ చేసినంక లాక్ అయితది. నాకు ఎడిట్ ఉండది. నీకు తెల్వదా?"

"సబ్మిట్ చేసినప్పుడు ఎంత ఉంది?"

"థర్టీ సిక్స్ టు ఫార్టీ సిక్స్. అమ్మతోడు. స్క్రీన్‌షాట్ ఉంది, సూడు."

చూసింది. నిజమే. పెంగ్విన్ చాచిన రెక్క కింద ముప్పై ఆరు, నలభై ఆరు. పక్కన డిగ్రీల సున్నా తప్ప ఏమీ లేదు.

"ఫారెన్‌హీట్ అని రాయమన్నాను కదా సృజన్. పదిహేడో కామెంట్."

"అన్నవ్. ఒక్క కోర్సుకి నలభై కామెంట్లు పెడ్తవ్ నువ్వు. ఆడ అంత పెద్ద పదం పెడ్తే రెక్కకి అడ్డమొస్తది. అమెరికాల ఫ్రిజ్ అంటే ఫారెన్‌హీటని ఎవనికి తెల్వదక్కా?"

"పెంగ్విన్ రెక్క కోసం వదిలేశావు."

"డిజైన్ అక్కా. విజువల్ బ్యాలెన్స్ అంటరు దాన్ని."

"ఆ బ్యాలెన్స్ ఐసీయూలో ఉన్న పెద్దాయనకి చెప్పు. సంతోషిస్తాడు."

వసుమతి అతడిని ఎగాదిగా చూసింది. తలకాయలో పెంగ్విన్ తప్ప ఏమీ లేని మనిషి. కానీ అబద్ధం ఆడడం లేదు. లాక్ పడిన కోర్సును మార్చగలిగే లాగిన్ ఒక్కటే ఉంది. మనిషికో లాగిన్ కొనడం దండగని కంపెనీ రివ్యూ పనికంతటికీ కలిపి ఒకటే కొన్నది. దాని పాస్‌వర్డ్ ఇద్దరికి తెలుసు. డిజైన్ చూసి మొదటి సంతకం పెట్టే వసుమతికి, అందులోని విషయం నిజమో కాదో చూసి రెండో సంతకం పెట్టే శ్యామ్‌సుందర్‌కి.

ఆమె తన డెస్క్‌కి వచ్చి ఆ లాగిన్‌తో కోర్సు తెరిచింది. పదిహేడో కామెంట్ లేదు. పదహారూ లేదు, పద్దెనిమిదీ లేదు. తను రెండు రోజులు కూర్చుని రాసిన నలభై కామెంట్లలో ఒక్కటీ లేదు. కోర్సు పుట్టినప్పుడే సర్వాంగ సుందరంగా పుట్టినట్టు తళతళ మెరుస్తోంది.

పది గంటలకి డైరెక్టర్ క్యాబిన్ నుంచి పిలుపొచ్చింది.

*

శ్యామ్‌సుందర్ అమెరికా వచ్చి ఇరవై రెండేళ్లు. ఎప్పుడో చదివిన బీఫార్మసీ పుణ్యమా అని కంపెనీలో మందుల కోర్సులన్నిటికీ ఆయనే 'విషయ నిపుణుడు'. గోడనిండా సర్టిఫికెట్లు. 'నేర్చుకునేవాడే మనకు దేవుడు' అన్న ధోరణిలో ప్రతి మంగళవారం లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టు. కిందటేడు అరవై ఒక్క కోర్సుల మీద రెండో సంతకం పెట్టాడు. అంత పని ఎలా చేస్తాడో అని మురిసిపోయి కంపెనీ ఆయనకి ఒక గాజు జ్ఞాపిక కూడా ఇచ్చింది. ఎలా చేస్తాడని ఎవరూ అడగలేదు.

"కూర్చోమ్మా వసుమతీ."

అమ్మా అన్నాడంటే మెడ మీద కత్తి పెట్టడం అయిపోయిందన్నమాట. ఆమె కూర్చోలేదు.

"నేను మార్చలేదండీ."

"నిన్ను బ్లేమ్ చేయట్లేదమ్మా. హ్యూమన్ ఎర్రర్. ఆలోచించు, నాకిక్కడ ట్వంటీ టూ ఇయర్స్. పొద్దున లేవగానే ఫారెన్‌హీట్ చూసి జాకెట్ వేసుకునే మనిషిని. ఫ్రిజ్ థర్టీ సిక్స్ అంటే నాకు నార్మల్. నువ్వొచ్చి నాలుగేళ్లు. బుర్ర ఇంకా సెల్సియస్‌లోనే ఉంది. థర్టీ సిక్స్ చూసి, అయ్యో తప్పు అని ఫిక్స్ చేశావు. ఎవరైనా చేస్తారు."

"ఎవరైనా చేయరండీ. ఫారెన్‌హీట్ అని రాయమని కామెంట్ పెట్టిందే నేను."

"ఏదీ, చూపించు."

"ఇప్పుడు లేదు."

"లేనిదాన్ని క్లయింట్‌కి ఎలా చూపిస్తానమ్మా?" ఆయన జాలిగా నవ్వాడు. ఆ జాలిని కూడా ఏదో కోర్సులో నేర్చుకున్నట్టుంది. "కాల్‌లో నువ్వేం మాట్లాడకు. నేను హ్యాండిల్ చేస్తాను. రిలీవింగ్ లెటర్‌లో మంచిగా రాయిస్తా. మన తెలుగమ్మాయివి, ఆ మాత్రం చెయ్యనా?"

వసుమతి బయటికొచ్చింది. బుర్ర ఆయన అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. సెల్సియస్‌లో బతికే బుర్రే ఆ అంకె మార్చింది. ముప్పై ఆరు డిగ్రీల ఫ్రిజ్ అంటే నవ్వొచ్చే బుర్ర. శ్యామ్‌సుందర్‌ది అలాంటి బుర్ర కాదు, ఆయనే చెప్పుకున్నాడు. తనదీ కాదు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇద్దరే.

అంటే మూడో మనిషి ఉన్నాడు. ముప్పై ఆరంటే ఎండ అనుకునే దేశంలో కూర్చుని ఉన్నాడు.

జాబ్ సపోర్ట్!

ఆ మాట షామ్‌బర్గ్ తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఉద్యోగం ఇక్కడ ఒకడిది, పని ఇండియాలో ఇంకొకరిది. పాస్‌వర్డ్ వాట్సాప్‌లో వెళుతుంది, నెలకింత అని డబ్బు వెళుతుంది, తెల్లారేసరికి పని పూర్తయి ఉంటుంది. లేని అనుభవం రెజ్యూమేలో రాసుకుని ఉద్యోగం తెచ్చుకున్న కొత్త కుర్రాళ్లు భయంతో చేసే పని అది. గాజు జ్ఞాపికలు అందుకునే డైరెక్టర్లు కూడా చేస్తారని ఆమెకి ఇప్పటిదాకా తోచలేదు.

టైమ్ పదీ పది.

*

డేటా చూసే నిధి పుట్టి పెరిగింది ఇక్కడే. వయసు ఇరవై మూడు. వాళ్ల అమ్మా వసుమతీ స్నేహితులు.

"ఆంటీ, ఆర్ యూ ఓకే? ఫేస్ ఏంటి అలా ఉంది?"

"ఆఫీసులో ఆంటీ అనొద్దన్నానా?"

"సారీ ఆంటీ."

"కీప్ ఇట్ కూల్ మీద నా కామెంట్లన్నీ పోయాయి. తీసేసినవి మళ్లీ తేవచ్చా?"

నిధి టకటకా ఏదో కొట్టింది. "తీసేయలేదు. రిజాల్వ్ చేశారు. అంటే, ఫిక్స్ అయిపోయింది అని మార్క్ చేస్తే హైడ్ అవుతుంది. బట్ సర్వర్‌లో ఉంటది. నాకు హాఫ్ అన్ అవర్ ఇవ్వండి."

"పదిన్నరకి కాల్."

"ఓ మై గాడ్ ఆంటీ."

వసుమతి ఆమె కుర్చీ వెనకే నిలబడింది. అద్దాల అవతల శ్యామ్‌సుందర్ కాన్ఫరెన్స్ రూమ్‌లోకి వెళ్లి, టై సరిచేసుకుని, కెమెరాలో తన ముఖం తనే చూసుకుంటున్నాడు. సంతాపం ప్రకటించే ముఖం పెట్టుకుని చూశాడు. నచ్చలేదేమో, ఇంకొకటి పెట్టుకున్నాడు.

పదీ ఇరవై తొమ్మిదికి నిధి వెనక్కి తిరిగింది.

"వచ్చాయి. టోటల్ ఫార్టీ వన్."

"నావి నలభై."

"అవును. లాస్ట్ వన్ మీది కాదు. మండే మార్నింగ్, సిక్స్ ట్వెల్వ్‌కి పెట్టింది. ఇది తెలుగు ఆంటీ, కానీ ఇంగ్లిష్ లెటర్స్‌లో టైప్ చేసింది. మా అమ్మ టెక్స్ట్స్‌లాగా. వెయిట్, నేను స్లోగా చదువుతా..."

"ఇక్కడ కాదు. ల్యాప్‌టాప్ తీసుకుని లోపలికి రా."

*

తెర మీద కనిపిస్తున్న మనిషి పేరు గ్లెండా. పధ్నాలుగు నర్సింగ్ హోమ్‌లకీ పెద్ద నర్సు. నిద్ర లేక కళ్లు వాచి ఉన్నాయి. శ్యామ్‌సుందర్ 'మూలకారణ విశ్లేషణ' అన్న స్లైడ్ పెట్టాడు. మూలన పెంగ్విన్ రెక్క ఊపింది.

"ముందు ఆ పక్షిని తీసెయ్యండి," అంది గ్లెండా.

తీసేయడానికి ఆయనకి నిమిషం పట్టింది. తర్వాత గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. కంపెనీ ఎంతగానో బాధపడుతోందని, విలువలకు కట్టుబడి ఉందని, ఒక ఉద్యోగిని సెల్సియస్ అలవాటు కొద్దీ పొరపాటున...

"ఆ ఉద్యోగిని నేనే," అంది వసుమతి, తలుపు దగ్గర నుంచి. "ఆ వాక్యం పూర్తికాకముందు మీరు ఒకటి చూడాలి."

నిధి ల్యాప్‌టాప్ కలిపింది. పదిహేడో కామెంట్ తెర మీదికి వచ్చింది, తేదీతో సహా: 'అంకెల పక్కన ఫారెన్‌హీట్ అని తప్పకుండా రాయండి. లేకపోతే ఎవరో ఒకరు దీన్ని సెల్సియస్ అనుకుంటారు.'

గ్లెండా దగ్గరికి వంగి చదివింది. "ఇది రాసిన మనిషి ఆ అంకెని మార్చదు."

శ్యామ్‌సుందర్ నవ్వు చెదరనివ్వకుండా తెలుగులోకి దిగాడు. "వసుమతీ, ఇంటి సంగతి ఇంట్లో మాట్లాడుకుందామమ్మా. బయటివాళ్ల ముందు తెలుగువాళ్లం మనం మనం ఇలా చేసుకోవడం బాగుండదు. నిధీ, నువ్వు వెళ్లి నీ పని చూసుకో."

"ఆయనేం అన్నారు?" అంది గ్లెండా.

నిధి ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మీ ముందు మాట్లాడొద్దు అంటున్నారు. ఎందుకంటే మేం తెలుగువాళ్లం. నన్ను వెళ్లిపొమ్మంటున్నారు."

"నువ్వు అక్కడే కూర్చో," అంది గ్లెండా. "ఇంకేమున్నాయి?"

"నలభై ఒకటో కామెంట్," అంది వసుమతి. "చదువు నిధీ."

శ్యామ్‌సుందర్ తెర వైపు చూశాడు. ఆ కామెంట్‌ని జీవితంలో మొదటిసారి చూస్తున్నాడని ఆయన ముఖమే చెప్పింది.

నిధి వేలు పెట్టి, రెండో తరగతి పిల్లలా కూడబలుక్కుంటూ చదివింది. "శ్యామ్ సర్, ఫ్రిజ్‌లో 36 డిగ్రీలు ఎలా ఉంటుంది సర్? మా హనుమకొండలో ఇవాళ బయటే 36 ఉంది. ఇన్సులిన్‌కి 2 నుంచి 8 అని మేము చదువుకున్నాం. పాఠంలో, పరీక్షలో రెండుచోట్లా మార్చాను. కానీ మీ దేశంలో లెక్క వేరేమో అని నాకు డౌట్ సర్. పబ్లిష్ చేసేముందు మీరు ఒక్కసారి చూసి కన్ఫర్మ్ చేయండి. ప్లీజ్ సర్. రేణు."

తర్వాత అదంతా గ్లెండాకి ఇంగ్లిష్‌లో చెప్పింది.

శ్యామ్‌సుందర్ నీళ్ల సీసా మూత తీసి, తాగకుండా మళ్లీ బిగించాడు.

"రేణు ఎవరో నాకు తెలీదు. ఇది హ్యాకింగ్ అయి ఉండాలి. మా సెక్యూరిటీ టీమ్‌తో..."

"ఆవిడ కిందటేడు అరవై ఒక్క కోర్సుల మీద కామెంట్లు పెట్టింది," అంది నిధి, ల్యాప్‌టాప్‌లో ఆ పేరు వెతికి. "అన్నీ శ్యామ్ సర్ అనే మొదలవుతాయి. దీపావళికి విషెస్ కూడా చెప్పింది. ఎవరూ రిప్లై ఇవ్వలేదు."

"సరే, సరే." ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. గొంతు మారింది. "బయటి సహాయం కొంత తీసుకున్న మాట నిజం. ఇండస్ట్రీలో అందరూ తీసుకుంటారు. ఆ అమ్మాయి ఫార్మసీ లెక్చరర్, క్వాలిఫైడ్. తప్పు చేసింది ఆమె. మా వైపు నుంచి ఆమెను ఇప్పుడే తప్పిస్తున్నాం. గ్లెండా, మీకు కావలసిన పేరు అదే. రేణు."

అయిదు నిమిషాల కింద వసుమతి. ఇప్పుడు రేణు. ఈ మనిషి దగ్గర పేర్లకు కొదవ లేదని వసుమతికి అర్థమైంది. ఇంకో పది నిమిషాలు వదిలేస్తే సృజన్‌దీ, నిధిదీ కూడా ఇస్తాడు. ఆఖరికి పెంగ్విన్ మీదికైనా తోస్తాడు.

"ఆమె తనకి తెలియదని రాసింది," అంది గ్లెండా నెమ్మదిగా. "చూడమని బతిమాలింది. ఆ మాట చదవాల్సిన మనిషి ఎవరు? నా దగ్గర నూట పన్నెండు మంది సరైన జవాబు రాసి ఫెయిలయ్యారు. వాళ్లకి నేనొక పేరు చెప్పాలి."

"పబ్లిష్ చేసే బటన్‌కి ఎవరి పిన్ వాళ్లకి ఉంటుంది," అంది వసుమతి. "అది పంచుకునేది కాదు. నిధీ, సోమవారం పొద్దున్న ఏం జరిగిందో చెప్పు."

నిధి చదివింది. ఎనిమిదీ అయిదు నిమిషాల పది సెకన్లకి కోర్సు తెరిచారు. ముప్పై ఒకటో సెకనుకి 'రిజాల్వ్ ఆల్' నొక్కారు, నలభై ఒక్క కామెంట్లూ ఒక్క దెబ్బకి మాయం. నలభై నాలుగో సెకనుకి పబ్లిష్.

"ముప్పై నాలుగు సెకన్లు," అంది గ్లెండా. "నలభై నిమిషాల కోర్సు."

"ఒక్క స్లైడ్ కూడా తెరవలేదు," అంది నిధి. "అండ్ కామెంట్స్ కూడా. నలభై ఒకటిలో ఒక్కటి కూడా ఓపెన్ అవ్వలేదు."

"వసుమతీ." శ్యామ్‌సుందర్ గొంతులో ఇప్పుడు అమ్మా లేదు. "ఆలోచించి మాట్లాడు. నీ వీసా పేపర్ల మీద సంతకం పెట్టేది నేను."

"మీ సంతకం విలువెంతో ఇప్పుడే లెక్కపెట్టాం కదండీ."

గ్లెండా పెన్ను తీసింది. "రికార్డు కోసం అడుగుతున్నాను. ఆ పిన్ ఎవరిది?"

ఆయన కెమెరా వైపు, తలుపు వైపు, చివరికి టేబుల్ వైపు చూశాడు. వసుమతి మాత్రం ఆయన ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"శ్యామ్‌సుందర్," అంది.